ఆటే జీవనోపాధి: మహమ్మద్ హబీబ్

ఈ పాఠం ఒక ఫుట్‌బాల్ ఆటగాడి గురించి. ఆటనే నమ్ముకొని ఆయన ఎలా బతికారు, అందుకోసం ఏమి వదులుకున్నారు అనేది ఇందులో ముఖ్య విషయం. మొదట ఒకసారి ఆపకుండా చదవండి. రెండోసారి పెన్సిలు పట్టుకొని, తెలియని మాటల కింద గీత గీస్తూ చదవండి.

మీరు అండమాన్‌లోని బ్రూక్షాబాద్‌లో ఉండి ఈ పుస్తకం తెరిచారనుకుందాం. దగ్గరలోనే పోర్ట్ బ్లెయిర్ రేవు. (2024లో ఆ పట్టణానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు.) అక్కడి నుంచి చెన్నైకి, విశాఖపట్నానికి, కలకత్తాకు ఓడలు వెళ్తాయి. పని కోసం సముద్రం దాటడం అక్కడి తెలుగు కుటుంబాలకు కొత్త సంగతి కాదు. హైదరాబాదు కుర్రవాడు హబీబ్ కూడా పని కోసమే ఊరు వదిలి కలకత్తా వెళ్లారు. ఆయన పని ఫుట్‌బాల్ ఆడటం.

హబీబ్ 1949 జులై 17న జన్మించారు. అప్పట్లో హైదరాబాదు ఫుట్‌బాల్‌కు పెట్టింది పేరు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుకూ శిక్షకుడు. ఆయన శిక్షణలోనే మన దేశం 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. అయితే ఆటకు డబ్బూ, వేలమంది ప్రేక్షకులూ ఉన్న ఊరు కలకత్తా. సికింద్రాబాదుకు చెందిన తులసీదాస్ బలరాం 1957లోనే అక్కడి ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరారు. 1966లో హబీబ్ కూడా అదే జట్టుకు వెళ్లారు.

ఫార్వర్డు అంటే జట్టులో ముందు వరుసలో ఆడే వాడు. గోల్ కొట్టడం అతని పని. కొడితే భుజాల మీద ఎత్తుకుంటారు. నాలుగు ఆటల్లో కొట్టకపోతే జట్టులో ఇతనెందుకని అడుగుతారు. తాపీమేస్త్రీ కట్టిన గోడ మర్నాడు కూడా నిలిచి ఉంటుంది. ఫార్వర్డు నిన్న కొట్టిన గోల్ ఇవాళ్టి ఆటలో లెక్కకు రాదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ రోజుల్లో మన దేశంలో పేరున్న ఆటగాళ్లు చాలామందికి ఒక ఉద్యోగం ఉండేది. రైల్వేలు, బ్యాంకులు, కస్టమ్స్ శాఖ వంటివి వారిని కొలువులోకి తీసుకునేవి. కాలు విరిగి మంచాన పడినా నెల జీతం ఆగదు. ఆట అయిపోయాక కూడా కొలువు ఉంటుంది. అది ఎంత పెద్ద ధైర్యమో కూలి పనికి వెళ్లే వారికి చెప్పనక్కరలేదు. హబీబ్‌ను కూడా ఉద్యోగంలోకి పిలిచారు. ఆయన వద్దన్నారు. తన సమయమంతా ఆటకే కావాలనుకున్నారు. క్లబ్బులు ఇచ్చే డబ్బుతోనే బతికారు. అందుకే ఆయనను మన దేశపు తొలి వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడని చాలామంది అంటారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీరైతే ఆ ఉద్యోగం వదులుకునేవారా?

అది చిన్న సాహసం కాదు. బలరాంనే చూడండి. ఒలింపిక్స్‌లో ఆడిన మనిషి. ఊపిరితిత్తుల జబ్బు వల్ల 1963లో, ఇరవై ఏడేళ్లకే ఆట మానవలసి వచ్చింది. ఫార్వర్డుకు ఉన్న పెట్టుబడి తన శరీరమే. అది ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరు.

క్లబ్బుల డబ్బుతో బతికేవాడు క్లబ్బులు మారక తప్పదు. ఈస్ట్ బెంగాల్ నుంచి హబీబ్ మోహన్ బగాన్‌కు వెళ్లారు. 1970లో తిరిగి ఈస్ట్ బెంగాల్‌కు వచ్చి 1974 వరకు ఉన్నారు. 1975లో మహమ్మదన్ స్పోర్టింగ్, 1976 నుంచి 1978 వరకు మోహన్ బగాన్, 1979లో మళ్లీ మహమ్మదన్, ఆపైన రెండేళ్లు ఈస్ట్ బెంగాల్, చివరకు మళ్లీ మోహన్ బగాన్. కలకత్తాలో ఇది మామూలు విషయం కాదు. ఈస్ట్ బెంగాల్ అభిమాని ఎదుట మోహన్ బగాన్‌ను పొగిడితే ఆ పూట అతనికి అన్నం సహించదు! అయినా మూడు క్లబ్బులూ ఆయనను మళ్లీ మళ్లీ పిలిచాయి. ఏ చొక్కా వేసుకున్నా, ఆట ముగిసేదాకా అలుపు లేకుండా పోరాడతారని అందరికీ తెలుసు. తోటివారు ఆయనను 'బడే మియా' అని పిలిచేవారు. తమ్ముడు అక్బర్ కూడా ఫార్వర్డే. 1976లో మోహన్ బగాన్ తరఫున ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టారు.

భారత జట్టుకు ఆడి 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో హబీబ్ కాంస్య పతకం అందుకున్నారు. అయితే కలకత్తా వారు ఎక్కువగా తలచుకునేది 1977 సెప్టెంబరు 24. ఆ రోజు ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ జట్టు న్యూయార్క్ కాస్మోస్‌తో ఆడింది. కాస్మోస్ తరఫున సాక్షాత్తూ పీలే దిగారు. వానకు మైదానం తడిసి ఉంది. ఆట 2-2తో సమంగా ముగిసింది. మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది, ఇంకొకటి శ్యామ్ థాపాది. వారం తరవాత, అక్టోబరు 1న పీలే చివరి ఆట ఆడి విరమించారు. హబీబ్‌కు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. ఆయన మరికొన్నేళ్లు ఆడారు. ఉద్యోగం లేని వాడు ఆడగలిగినంత కాలం ఆడాలి కదా.

1980లో ప్రభుత్వం ఆయనకు అర్జున అవార్డు ఇచ్చింది. ఆట మానిన తరవాత టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకు శిక్షణ ఇచ్చారు. చివరి రోజుల్లో మతిమరుపు జబ్బుతో బాధపడి, 2023 ఆగస్టు 15న హైదరాబాదులో కన్నుమూశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో బలరాం కూడా మరణించారు.

అభ్యాసం

1. హబీబ్ ఎన్నిసార్లు క్లబ్బు మారారో పాఠం చూసి లెక్కపెట్టండి.

2. 'చెప్పనక్కరలేదు', 'పెట్టింది పేరు' అనే పలుకుబళ్లను మీ సొంత వాక్యాల్లో రాయండి.

3. ఫార్వర్డుకు, తాపీమేస్త్రీకి తేడా ఏమని పాఠంలో చెప్పారు? మీరు చేసే పని ఎవరి పనికి దగ్గరగా ఉంది?

4. మీ తమ్ముడు బాగా ఆడతాడు. అతనికి ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. చేరనంటున్నాడు. అతనికి పది వాక్యాల్లో ఉత్తరం రాయండి. చేరమని రాసినా, వద్దని రాసినా, కారణాలు తప్పక ఉండాలి.