చెరువులో హైడ్రా, సముద్రంలో జెల్లీచేప

పిల్లలూ! రాయగడ పక్కగా పారే నాగావళిని మీలో చాలామంది చూసే ఉంటారు. అది కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా ఆంధ్రప్రదేశ్‌లోకి దిగి, శ్రీకాకుళం దాటి కల్లేపల్లి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. వంశధార కళింగపట్నం వద్ద అదే సముద్రాన్ని చేరుతుంది. ఆ ఉప్పునీటిలో తేలియాడే ప్రాణి జెల్లీచేప. కోరాపుట్‌లో రైలెక్కి అరకు మీదుగా విశాఖపట్నం వెళ్లినవారికి అక్కడి ఇసుక మీద గాజుముద్దలాంటిది ఒకటి కనిపించవచ్చు. దానిని చేత్తో ఎత్తి చూడాలనిపిస్తుంది. అలా చేయరాదు. చచ్చి ఒడ్డున పడి ఉన్నా అది కుట్టగలదు.

చచ్చినది కుట్టడమేమిటి? అది తెలియాలంటే దాని కుట్టే సాధనం ఎలాంటిదో తెలుసుకోవాలి.

పేరులో చేప ఉన్నా ఇది చేప కాదు. దీనికి ఎముక లేదు, రక్తం లేదు, మెదడు లేదు. ఒంట్లో నూటికి 95 పాళ్లు నీరే. పగడాలు, సముద్ర ఆనిమోన్లు, హైడ్రా దీని బంధువులు. ఈ కుటుంబమంతటికీ నిడేరియా అని పేరు. ఇందులో పదివేలకు పైగా జాతులున్నాయి.

బంధువును చూడడానికి సముద్రం దాకా పోనక్కరలేదు. కదలని, శుభ్రమైన చెరువునీటిలో, నీటిమొక్కల ఆకుల అడుగున హైడ్రా అతుక్కొని ఉంటుంది. దారపు ముక్కంత సన్నం, పొడవు సెంటీమీటరు కూడా ఉండదు. చెరువులోని నాచును గాజుగ్లాసులో వేసి కొంతసేపు కదపకుండా ఉంచితే, అదృష్టం బాగుంటే కనిపిస్తుంది. 1740లో నెదర్లాండ్స్‌లో అబ్రహాం ట్రెంబ్లే అనే ఆయన ఒక జమీందారు పిల్లలకు చదువు చెబుతూ, ఇలాగే చెరువునీరు తెచ్చి హైడ్రాను పరిశీలించాడు. దానిని రెండు ముక్కలుగా కోస్తే ప్రతి ముక్కా తిరిగి పూర్తి హైడ్రాగా పెరగడం చూశాడు. 1744లో ఆ సంగతులన్నీ పుస్తకంగా అచ్చువేశాడు.

హైడ్రా నోటి చుట్టూ దారాల్లాంటి స్పర్శకాలుంటాయి. వాటికి నీటిపురుగు తగిలిందంటే ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. స్పర్శకాల నిండా దంశకణాలుండడమే ఇందుకు కారణం. ఒక్కొక్క కణంలో ఒక చిన్న తిత్తి, ఆ తిత్తిలో చుట్టచుట్టుకున్న బోలు దారం, పైన వెంట్రుకలాంటి మీట ఉంటాయి. తిత్తి లోపలి ఒత్తిడి సుమారు 150 వాతావరణాలు, అంటే లారీ టైరులోని గాలి ఒత్తిడికి దాదాపు ఇరవై రెట్లు! మీట కదలగానే మూత తెరుచుకొని, చొక్కా చెయ్యి లోపలినుంచి బయటికి తిరగేసినట్లు దారం తిరగబడి దూసుకువస్తుంది. దాని ములుకులు ఎర చర్మాన్ని చీలుస్తాయి, దారం గుండా విషం లోపలికి పోతుంది. జర్మనీ శాస్త్రజ్ఞులు 2006లో ఈ వేగాన్ని కొలిచారు. ములుకులు దూకడానికి పట్టే కాలం సెకనులో పదిలక్షలో వంతు కంటే తక్కువ.

ఈ పని జరగడానికి మెదడు ఆజ్ఞ అవసరం లేదు. ఏ తిత్తికి ఆ తిత్తే ఎక్కుపెట్టిన బాణం. జంతువు చచ్చినా బాణం ఎక్కుపెట్టే ఉంటుంది. ఒడ్డున పడిన జెల్లీచేప కుట్టడంలోని రహస్యమిదే.

సాధనం అందరిదీ ఒకటే, విషం మాత్రం ఒకటి కాదు. యాభై కోట్ల ఏళ్లకు పూర్వమే ఈ కుటుంబం చీలిపోయింది. పగడాలు, ఆనిమోన్లు ఒక శాఖ. జెల్లీచేపలు, హైడ్రాలు మరొక శాఖ. ఆనిమోన్ల విషంలో నరాలను పట్టుకొనే చిన్న ప్రోటీన్లు ఎక్కువ. జెల్లీచేపల విషంలో కణాల పొరలకు రంధ్రాలు పొడిచే పెద్ద ప్రోటీన్లు ఎక్కువ. ఈ భేదాలు ఎలా వచ్చాయి? ఒక జన్యువుకు పొరపాటున నకలు ఏర్పడితే, ఒకటి పాత పని చేస్తూనే ఉంటుంది. రెండవది మార్పు చెందడానికి తీరిక దొరుకుతుంది. ఆ మార్పులో ఎరకో శత్రువుకో సరిపోయినది నిలుస్తుంది. నెమటోస్టెల్లా అనే చిన్న ఆనిమోన్ తన గుడ్లలో ఒక విషం పెడుతుంది, ఎదిగాక వేరొక విషం వాడుతుంది. ఒకే ప్రాణి బతుకులోనే ఇంత తేడా! విషం తయారీకి తిండి ఖర్చవుతుంది గనుక అవసరం లేనిదాన్ని మోసుకు తిరగడం లాభం కాదు.

ఈ కుటుంబంలో విచిత్రమైన బంధువులు కూడా ఉన్నారు. రోహు, బొచ్చె చేపల మొప్పల మీద ఒక్కొక్కప్పుడు తెల్లని గింజల్లాంటివి కనిపిస్తాయి. వాటికి కారణమైన మిక్సోజోవా అనే పరాన్నజీవులను చాలాకాలం ఏకకణజీవులనుకున్నారు. 1990ల నుంచి జన్యువులను పరిశీలించి, అవి చిక్కిపోయిన నిడేరియాలని తేల్చారు. అంత చిన్న ఒంట్లోనూ ఆ దారపు తిత్తి మిగిలే ఉంది! చేపను పట్టుకొని వేలాడడానికి దాన్ని వాడుకుంటాయి.

ఈ విషం వైద్యానికీ ఒక దారి చూపింది. 1901లో మొనాకో రాజు ఓడమీద వెళ్లిన షార్ల్ రిషే, పోల్ పోర్తియే ఈ జాతుల విషాన్ని పరిశీలించడం మొదలుపెట్టారు. తిరిగివచ్చాక ఆనిమోన్ విషం ఒకసారి తట్టుకున్న కుక్కకు కొన్ని వారాల తరువాత కొద్దిగా ఇస్తే అది నిమిషాల్లో చనిపోయింది. తేనెటీగ మొదటిసారి కుడితే ఏమీ కానివారికి, మరోసారి కుట్టినప్పుడు ఊపిరాడకపోవడం కూడా ఇలాంటిదే. ఈ పనికి రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక, సముద్రానికి వెళ్లినప్పుడు ఎవరినైనా జెల్లీచేప కుట్టితే ఏం చేయాలి? వెంటనే నీటిలోంచి బయటికి తీసుకురావాలి. కుట్టినచోట రుద్దరాదు, ఇసుక పూయరాదు. అంటుకున్న దారాలను పుల్లతో తీసివేసి, సముద్రపు నీటితోనే కడగాలి. తరువాత ఆ భాగాన్ని ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఇరవై నిమిషాలకు పైగా ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఊపిరి కష్టమైనా, గుండెలో నొప్పి వచ్చినా ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చాలి. సీసాలో తెచ్చుకున్న మంచినీళ్లు పోయాలని మనసు పీకుతుంది. కాని పేలకుండా మిగిలిన తిత్తుల్లోకి ఆ ఉప్పులేని నీరు చొరబడి, వాటినీ పేలుస్తుంది. ఆ సీసా నీళ్లు తాగడానికే ఉంచండి.