వాడని విమాన టికెట్టు దానమవుతుందా?

కోనసీమలో ధర్మశాస్త్ర విషయాలు ప్రసంగించడానికి వెళ్లిన చోటల్లా ఈ మధ్య నాకొక కొత్త సందేహం ఎదురవుతున్నది. కాశీయాత్రకో, అమెరికాలోని పిల్లల వద్దకో టికెట్టు కొన్నాము, ప్రయాణం ఆగిపోయింది, ఆ టికెట్టును పేదవారెవరికైనా దానం చేయవచ్చునా అని అడుగుతున్నారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో పైదేశాలలో బంధువులు లేని వీధి అరుదు కనుక, ఈ ప్రశ్న ఇక్కడ పుట్టడంలో వింత లేదు. చూడడానికి చిన్నదే గాని, విచారిస్తే దానస్వరూపమంతా ఇందులో ఇమిడి ఉన్నది.

దానమనగా ఒక వస్తువు మీద తన స్వత్వాన్ని విడిచి, ఇతరునికి స్వత్వం కలిగించడం. దానికి ధర్మశాస్త్రకారులు దాత, ప్రతిగ్రహీత, శ్రద్ధ, దేయం, దేశం, కాలం అని ఆరు అంగాలు చెప్పారు. మన ప్రశ్నకు ముఖ్యమైనది దేయం, అంటే ఇవ్వదగిన వస్తువు. అది న్యాయంగా ఆర్జించినదై, దాత సొంతమై ఉండాలి. పొరుగువాని తోటలోని కొబ్బరికాయ తెచ్చి దేవునికి కొడితే అది మన సమర్పణ కాదు. విమాన టికెట్టు మీద ప్రయాణికుని పేరు ఉంటుంది. విమానాశ్రయ ద్వారం వద్దనే గుర్తింపు కార్డుతో ఆ పేరును సరిచూస్తారు. అక్షరదోషముంటే దిద్దుతారు గాని, ఒకరి పేరు తీసి మరొకరి పేరు చేర్చడం మన దేశపు విమాన సంస్థలలో సాధారణంగా కుదరదు. ప్రయాణించే హక్కు మనకున్నది, దానిని ఇంకొకరికి ధారపోసే హక్కు లేదు. కాబట్టి టికెట్టు టికెట్టుగా దేయం కాదు.

రైలు ఈ విషయంలో కొంత ఉదారమనే చెప్పాలి. ఖాయమైన బెర్తును, బండి బయలుదేరడానికి 24 గంటల ముందు అర్జీ పెట్టుకొంటే, తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, సంతానం వీరిలో ఒకరి పేరుకు మార్పిస్తారు. అక్కడ కూడా ఊరిలోని నిరుపేదకు ఇవ్వడానికి వీలు లేదు.

మరి మన చేతిలో మిగిలేదేమిటి? తిరిగి వచ్చే సొమ్ము. ఇక్కడ చాలామంది చదువుకొన్నవారే నష్టపోతున్నారు. చౌక టికెట్టు కదా, ఏమీ రాదని వదలివేస్తారు. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనల ప్రకారం, టికెట్టు రద్దు చేసుకొన్నా, అసలు విమానమే ఎక్కకపోయినా, చట్టబద్ధమైన పన్నులు, విమానాశ్రయానికి చెందే రుసుములు ప్రయాణికునికి తిరిగి ఇవ్వవలసిందే. మూల ఛార్జీ వాపసు రాదనే షరతుతో అమ్మిన టికెట్టుకు కూడా ఇది వర్తిస్తుంది. ఏజెంటు వద్ద కొన్నా, సొమ్ము తిరిగి ఇచ్చే బాధ్యత విమాన సంస్థదే. ఆ సొమ్మును సంస్థ తన వద్దనే జమ ఉంచుకొని మరొక ప్రయాణానికి వాడుకొమ్మనడం మనం కోరితేనే జరగాలి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇది అడిగి తీసుకోవలసిన సొమ్ము.

అయితే ఆ సొమ్ము ఎవరిది? కొన్నవారిది. కుమారుడు తన కార్డు మీద తల్లిదండ్రులకు టికెట్టు కొని ఉంటే, అది కుమారుని ఖాతాకే చేరుతుంది. తండ్రి తన ఇష్టప్రకారం దానిని దానంగా ప్రకటించరాదు. కుమారుని అనుమతితో, అతని పేరున సంకల్పం చెప్పించాలి. మరొక మెలిక కూడా ఉన్నది. కుమారుడు భారత పౌరుడుగానే ఉండి తన సంపాదన నుండి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకొని ఉంటే అది విదేశీ విరాళమవుతుంది. అందుకు తగిన అనుమతి ఉన్న సంస్థలు మాత్రమే స్వీకరించగలవు. ఇచ్చే ముందే ఈ మాట విచారించుకోవడం ఇద్దరికీ మేలు.

ఇక కాలమనే అంగం. కఠోపనిషత్తులో వాజశ్రవసుడు యాగం చేసి గోవులను దానమిస్తున్నాడు. అవి చివరి గడ్డి మేసి, చివరి నీరు తాగి, చివరి పాలు పితికించుకొన్న ముసలి ఆవులు. అది చూచి బాలుడైన నచికేతునికి కలవరం కలిగింది. ఇటువంటివి ఇచ్చిన నాన్నగారికి ఏ లోకం ప్రాప్తిస్తుందోనని భయపడి, తనను ఎవరికిస్తారని తండ్రిని అడిగాడు. ఉపనిషత్తు అక్కడ మొదలవుతున్నది. ఇక్కడి దోషం ఆవులు పాతవి కావడంలో లేదు, పుచ్చుకొన్నవానికి పోషణభారం తప్ప ఫలం లేకపోవడంలో ఉన్నది. మనకు అక్కరకు రానిది ఇవ్వడం తప్పని నేననను. మనకు అక్కర తీరినా అవతలివానికి అక్కర తీర్చే శక్తి దానిలో మిగిలి ఉన్నదా అని చూడాలి. వైద్యుడు ప్రయాణం వద్దన్న నాడే రద్దు చేస్తే టికెట్టు పాడియావు వంటిది. విమానం వెళ్లిపోయాక గుర్తు వస్తే చిల్లర పన్నులు మాత్రమే మిగులుతాయి.

తరచుగా విమానమెక్కేవారికి జమ అయ్యే మైళ్లకు కూడా ఇదే న్యాయం. వాడకపోతే చాలా సంస్థలలో అవి కొంతకాలానికి మురిగిపోతాయి. అమెరికాలో మైల్స్ ఫర్ మైగ్రెంట్స్ అనే సంస్థ ఇటువంటి మైళ్లను సేకరించి, శరణార్థులకు తమవారిని చేరుకొనే టికెట్లు ఇప్పిస్తున్నది. ఫిషర్ హౌస్ ఫౌండేషన్ వారి హీరో మైల్స్ పథకం ద్వారా, చికిత్స పొందుతున్న సైనికుల వద్దకు కుటుంబీకులు వెళ్లగలుగుతున్నారు. అక్కడి మన పిల్లలకు ఈ సంగతి చెప్పదగినది.

ఆగిన ప్రయాణమే దానమైన కథ మన కోనసీమలోనే ఉన్నది. లంకల గన్నవరంలో వైనతేయ తీరాన బాటసారులకు అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారు (1841–1909) ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో బయలుదేరారట. దారిలో ఎదురుపడిన బాటసారులు, ఆకలితో ఉన్న పిల్లలను ఊరడిస్తూ, ఇంకాస్త నడిస్తే సీతమ్మగారి ఇంట అన్నం దొరుకుతుందని చెప్పుకోవడం ఆమె చెవిన పడిందట. వెంటనే పల్లకి వెనుకకు తిప్పించి, వారికంటే ముందు ఇల్లు చేరి వంట చేయించారని పెద్దలు చెబుతారు. అంతర్వేది యాత్రను ఆమె ఆ పిల్లలకు ఇవ్వలేదు, ఇవ్వడానికి అది వీలైనది కాదు. యాత్ర మానుకోవడం వల్ల చేతికి వచ్చిన పూటను ఇచ్చారు. గన్నవరం అక్విడక్టు నేడు ఆమె పేరునే ఉన్నది.

తిరిగి వచ్చిన సొమ్ము అన్నదానానికి ఇచ్చినా, ఆసుపత్రికి ఇచ్చినా దానమే. నా మటుకు, ప్రయాణం కోసం తీసిన సొమ్ము ప్రయాణానికే పోతే బాగుంటుందనిపిస్తుంది. ఈ సీమ నుండి ఎందరో స్త్రీలు ఇంటిపనికి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లారు. వారిలో జీతం అందక, వీసా గడువు దాటి చిక్కుకొన్నవారున్నారు. 2024లో మార్చి నుండి జూన్ వరకు కువైట్, సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు అరబ్ ఎమిరేట్స్ క్షమాభిక్ష ప్రకటించి, అటువంటివారిని జరిమానా లేకుండా వెళ్లనిచ్చాయి. జరిమానా పోయినా టికెట్టు ఖర్చు ఉండనే ఉన్నది. మన రాయబార కార్యాలయాలలో 2009 నుండి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉన్నది. నిజంగా గతిలేనివారికి దాని నుండి టికెట్టు ఇస్తారు. రాష్ట్రంలో ప్రవాసాంధ్రుల సంస్థ అయిన ఏపీ ఎన్నార్టీ సొసైటీ కూడా ఇటువంటివారికి తోడ్పడుతున్నది. దాత ముందుగా వీరిని సంప్రదించి, ఆ స్త్రీ వద్ద పాస్‌పోర్టు గాని, రాయబార కార్యాలయం ఇచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రం గాని ఉన్నదా, దేశం విడిచేందుకు అక్కడి అనుమతి వచ్చిందా అని తెలుసుకోవాలి. ఆ తరువాతనే ఆమె పేరున టికెట్టు కొనాలి. అనుమతి రాకముందే తొందరపడి కొంటే, ఆ టికెట్టు కూడా ఎవరూ ఎక్కని టికెట్టుగానే మిగిలిపోతుంది.