నీట మునిగిన రెండు స్ట్రోకుల ఇంజనును మఱల సిద్ధపఱచుట

2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగునగరు మొదలగు పేటలను ముంచినప్పుడు, ఇండ్లతోపాటు ఇండ్ల ముంగిట నిలిపిన మోటారు సైకిళ్లును పెక్కు నీట మునిగినవి. పాలు పోయువానికిని, కూరగాయలు మోసి యమ్మువానికిని మోటారు సైకిలు వేడుక వస్తువు కాదు. అది వాని జీవనమునకు పనిముట్టు. అట్టివాడు నీరు తీసిన వెంటనే చేయబోవు మొదటి పని కిక్కు కొట్టి చూచుట. సరిగా ఆ పనియే చేయరానిది. వరద విడిచిపెట్టిన భాగములను సయితము ఆ తొందర చెఱచును. ఇది యేల జరుగునో, ఇంజనును విప్పి మఱల కూర్చు క్రమమెట్టిదో ఈ వ్యాసమున తెలిసికొందము.

ఉదాహరణమునకు యమహా ఆర్.ఎక్స్. 100 అను బండిని తీసికొందము. ఇది మన దేశమున 1985 మొదలు 1996 వఱకు తయారైనది. క్రొత్తవి రాకున్నను పాతవి నేటికిని మన వీధులలో తిరుగుచునే యున్నవి. దీని సిలిండరు లోపలి వ్యాసము 50 మి.మీ.; పిస్టను నడచు దూరము 50 మి.మీ. విద్యార్థులు లెక్క కట్టి చూచినచో ఆ ఘనపరిమాణము ఇంచుమించుగా 98 ఘన సెంటీమీటర్లని తేలును.

ఇంజను పనిచేయు తీరు

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగినప్పుడు ఒక్కసారి ఇంధనము మండును. రెండు స్ట్రోకుల ఇంజనులో ప్రతి చుట్టునకు ఒకసారి మండును. ఇంగ్లండులోని బాత్ నగరమున జోసెఫ్ డే అను నతడు 1889లో కల్పించిన యుక్తి యేమనగా, పిస్టను క్రిందనున్న క్రాంకుకేసునే ఒక పంపుగా వాడుట. పిస్టను పైకి పోవునప్పుడు క్రాంకుకేసులో పీడనము తగ్గి, కార్బ్యురేటరునుండి గాలియు పెట్రోలును కలిసిన మిశ్రమము లోనికి వచ్చును. పిస్టను దిగునప్పుడు ఆ మిశ్రమము అదుమబడి, ప్రక్క దారులగుండ సిలిండరులోనికి ఎక్కును. అప్పుడే కాలిన పొగ వేఱొక ద్వారమున వెలికి పోవును.

ఇందువలన ఒక ముఖ్యమైన ఫలితము గలదు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు అడుగున నూనె నిలువయుండును, ఇందులో ఉండదు. క్రాంకు బేరింగులును, కనెక్టింగ్ రాడ్డు క్రింది కొననున్న సన్నని రోలరు బేరింగును, పెట్రోలు మిశ్రమముతో వచ్చు కొలదిపాటి నూనె తుంపరతోడనే బ్రదుకుచుండును. నీరు కార్బ్యురేటరు దారినిగాని సైలెన్సరు దారినిగాని లోపలికి ప్రవేశించినచో, తుదకు చేరునది అన్నిటికంటె క్రిందనున్న ఈ క్రాంకుకేసులోనికే. పైభాగమంతయు ఎండి మెఱయుచున్నను ఇచ్చట తడి దాగియుండును. ఇంజనునకు ప్రాణమువంటి చోటే కంటికి కనబడని చోటు.

నీరు చేయు కీడు

మొదటిది: గాలివలె నీరు అదుముటకు లొంగదు. పిస్టనుపై నీరు నిలిచియుండగా కిక్కు బలముగా కొట్టినచో, పైకి వచ్చు పిస్టను నీటికి తాకి నిలిచిపోవును. ఆ బలమంతయు కనెక్టింగ్ రాడ్డుపై పడి దానిని వంచగలదు.

రెండవది: త్రుప్పు. ఇనుము త్రుప్పు పట్టుటకు నీరును, ప్రాణవాయువును రెండును కావలయును. ఒక మేకును మరిగించి చల్లార్చిన నీటిలో వేసి పైని నూనె పొర పోయుడు. మఱియొక మేకును తడిగుడ్డలో చుట్టి గాలిలో నుంచుడు. మొదటిది చాల దినములు చెడక యుండును. రెండవది కొలది దినములలోనే ఎఱ్ఱబాఱును. దీనినిబట్టి తెలియునదేమనగా, ఇంజను నీటిలో మునిగియున్న కాలముకంటె, నీరు తీసిన పిమ్మట తడిపొరతో గాలి తగులు కాలమే బేరింగులకు ఎక్కువ అపాయకరము. వరద పోయినదని మనము ఊపిరి పీల్చుకొను సమయముననే త్రుప్పు వేగము హెచ్చును.

మూడవది: ఒండ్రు. వరదనీటిలోని సన్నని ఇసుక బేరింగులోనికి పోయి, క్రాంకు తిరిగినప్పుడు ఆకురాయివలె ఉక్కును అరగదీయును.

నాలుగవది తఱచుగా మఱచునట్టిది. ఈ బండిలో నూనెకు వేఱు తొట్టి గలదు. ఒక చిన్న పంపు దానినుండి నూనెను ఇంజనునకు అందించును. నూనె నీటికంటె తేలిక. కావున ఆ తొట్టిలో నీరు చేరినచో అది అడుగున నిలుచును. నూనె బయటికి పోవు గొట్టమును అడుగుననే యున్నది. అనగా పంపు మొట్టమొదట నీటినే యందించును! పెట్రోలు తొట్టి సంగతియు నిట్టిదే.

మొదటి దినము చేయవలసినది

తాళము తీయక, బ్యాటరీ తీగలను విప్పవలయును. స్పార్కు ప్లగ్గు, కార్బ్యురేటరు, గాలి ఫిల్టరు, సైలెన్సరు ఊడదీసి, పెట్రోలు తొట్టిని, నూనె తొట్టిని, వాని గొట్టములను ఖాళీ చేయవలయును. గేరు నూనెను ఒక పాత్రలోనికి దింపి చూడవలయును. అది మజ్జిగవలె తెల్లబాఱినచో గేరుపెట్టెలోనికిని నీరు పోయినదని తెలియును.

లోపలికి పోయినది తేటనీరైనచో, బండిని వంచి, ప్లగ్గు రంధ్రము తెఱచియుండగా కిక్కును చేతితో మెల్లగా నొక్కి నీటిని వెడలగొట్టవచ్చును. ఒండ్రునీరైనచో ఒక్క చుట్టైనను త్రిప్పరాదు. ఏది యైనను నీరు దిగిన వెంటనే డీసెలుతో కడిగి, ఆ పిమ్మట ఇంజను నూనెతో క్రాంకుకేసును నింపియుంచవలయును. నూనె యున్నచోట గాలి తగులదు; గాలి తగులనిచోట త్రుప్పు పట్టదు. మరమ్మతుచేయువాని వంతు వచ్చుటకు పది దినములు పట్టినను అప్పుడు భయము లేదు. ఒక సీసా నూనె వెల ఒక క్రాంకుషాఫ్టును కాపాడును.

ఈ పనులు ఆరుబయట, నిప్పునకు దూరముగ, పెద్దల సమక్షమున చేయవలయును. దింపిన నూనెలను మురుగుకాలువలో పోయరాదు.

విప్పుట, పరీక్షించుట

పైమూత, సిలిండరు, పిస్టను ఈ వరుసను తీయవలయును. పిస్టను పిన్నును పట్టియుంచు తీగ చుట్టలను తీయుటకు ముందు క్రాంకుకేసు నోట శుభ్రమైన గుడ్డ క్రుక్కవలయును. లేనిచో ఆ చుట్ట లోపల పడి పనిని రెట్టింపు చేయును. మెగ్నెటో చక్రమును పుల్లరు అను మరసాధనముతో లాగవలయునేగాని సుత్తితో కొట్టరాదు. క్లచ్చిని, ముందటి పండ్లచక్రమును తీసిన తరువాత, క్రాంకుకేసు రెండు చెక్కలుగా విడివడును.

ఇప్పుడు ఏది ఉంచవలయును, ఏది పాఱవేయవలయునను ప్రశ్న వచ్చును. పని యంతటిలో నేర్పుకంటె నిజాయితీ ఎక్కువ కావలసినది ఇచ్చటనే. గేరుల పండ్లమీది పలుచని త్రుప్పు రుద్దిన పోవును; వానిని ఉంచవచ్చును. అల్యూమినియపు చెక్కలపై తెల్లని పొడి రాలినచో తుడిచి, అతుకు ముఖములు చెడలేదేని వాడవచ్చును. బేరింగుల సంగతి అట్టిది కాదు. ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగునప్పుడు క్రాంకు సెకనునకు 100 సారులు తిరుగును. బేరింగు గుండు నడచు బాటలో సూదిమొనంత గుంట యున్నను, దాని అంచులు ప్రతి తాకుడునకు పొరలుగా లేచి, ఆ ఉక్కుపొడి ఇంజనంతయు వ్యాపించును. కావున బేరింగును కడిగి ఆరబెట్టి, వ్రేళ్లతో మెల్లగా త్రిప్పినప్పుడు ఏమాత్రము గరుకు తగిలినను మార్చవలయును. ఆయిలు సీళ్లను, గాస్కెట్టులను విచారింపకయే మార్చవలయును.

కనెక్టింగ్ రాడ్డును పట్టి పైకి క్రిందికి కదల్చినప్పుడు క్రింది కొనయందు కదలిక యుండరాదు. ప్రక్కలకు కొంచెము కదలిక యుండవచ్చును. ఆ బేరింగు చెడినచో క్రాంకుషాఫ్టును విడదీయవలసియుండును. అది రెండు బరువు చక్రములు ఒక పిన్నుపై బిగియగ నొక్కబడి యేర్పడినది. దానిని ప్రెస్సుమీద విడదీసి, క్రొత్త పిన్ను, రోలర్లు, రాడ్డు వేసి, మఱల నొక్కి, డయలు గేజితో వంకర చూచి సరిచేయవలయును. ఇది ఇంటివద్ద చేయదగిన పని కాదు. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల లేతు పనివారివద్దనే చేయింపవలయును.

సిలిండరు వ్యాసమును పైన, నడుమ, క్రింద, ఒక్కొక్కచోట రెండు దిక్కులుగ, మైక్రోమీటరు సాయమున కొలువవలయును. త్రుప్పు గుంటలున్నచో బోరు చేయించి, దానికి తగిన పెద్ద పిస్టను వేయవలయును. వ్యాసము 50 నుండి 50.5 మి.మీ.కు పెరిగినచో ఘనపరిమాణము ఇంచుమించు 100 ఘన సెంటీమీటర్లగును. బోరు చేసిన తరువాత ద్వారముల అంచులు వాడిగా నిలుచును. వానిని కొంచెము నునుపు చేయనిచో పిస్టను రింగులు తగులుకొని విఱుగును. తుదకు సిలిండరును సబ్బునీటితో, తెల్లగుడ్డ తెల్లగనే వచ్చువఱకు కడిగి, వెంటనే నూనె పూయవలయును.

మఱల కూర్చుట

అల్యూమినియము వేడికి ఉక్కుకంటె ఇంచుమించు రెట్టింపు వ్యాకోచించును. క్రాంకుకేసు చెక్కను సుమారు 110 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు వేడిచేసినచో, అనగా 80 డిగ్రీల వేడి హెచ్చించినచో, 60 మి.మీ. రంధ్రము మి.మీ.లో పదవ వంతునకు మించి పెద్దదగును. అప్పుడు చల్లని బేరింగు సుత్తిపెట్టు లేకుండ దానంతట దిగును. తరగతిలో చదివిన వ్యాకోచ సూత్రము పనిసాలలో ఎట్లు ఉపకరించునో చూచితిరా!

క్రాంకుకేసు పంపుగా పనిచేయును గనుక దానిలో ఎచ్చటను గాలి జొరరాదు. మెగ్నెటో వైపు సీలు కారినచో బయటి గాలి చొరబడి, మిశ్రమము పలుచనై, ఇంజను మిక్కిలి కాగి పిస్టను పట్టివేయును. క్లచ్చి వైపు సీలు కారినచో గేరు నూనె లోనికి పీల్చబడి తెల్లని పొగ వచ్చును. కావున సీలు పెదవికి గ్రీసు రాసి, వంకర లేకుండ దింపవలయును. పిస్టను తలమీది బాణపు గుర్తు ఎగ్జాస్టు ద్వారము వైపునకు ఉండవలయును. రింగు గాడిలో చిన్న మొల గలదు. రింగు కొనలు ఆ మొలకు ఇరువైపుల సరిగా కూర్చుండవలయును. పైమూత మరలను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగ బిగింపవలయును.

అంతయు కూర్చిన తరువాత లోనికి, బయటికి పోవు ద్వారములను మూసి, చేతిపంపుతో చదరపు అంగుళమునకు సుమారు 6 పౌనుల పీడనమున గాలి పట్టించి, కొన్ని నిమిషములు ముల్లును గమనింపవలయును. పీడనము తగ్గినచో అతుకులపై సబ్బునీరు పూసిన, బుడగలు తప్పును చూపును.

నూనె పంపులోని గాలిని తీసివేయువఱకు దానిని నమ్మరాదు. కావున మొదట లీటరు పెట్రోలునకు 40 మిల్లీలీటర్ల రెండు స్ట్రోకుల నూనె కలిపి నడుపవలయును. ఇంజనును కాసేపు నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, మఱల నడుపవలయును. తొలి కొన్ని వందల కిలోమీటర్లు బరువు వేయక, అతివేగముగ తోలక యుండవలయును.

ఈ పని యంతయు చేయింపలేని బీదవాడేమి చేయవలయునని మీరడుగవచ్చును. మరమ్మతులో మిక్కిలి వెల గల భాగము క్రాంకుషాఫ్టు. దానిని కాపాడునది మొదటి దినపు నూనె. ఆ మొదటి దినపు పనికి ఒక స్పానరు, కొంచెము డీసెలు, ఒక సీసా నూనె చాలును. ఈ సంగతి తెలిసిన విద్యార్థి యొక్కడు వీధిలో నున్నచో, వరద తీసిన ఉదయమున పొరుగువాని కాలు కిక్కుమీద పడకముందే ఆపగలడు. అది ఆ కుటుంబమునకు ఒక నెల కూలి మిగిల్చిన మేలు కావచ్చును.