దురదకు సెలీనియపు బిళ్లలు పనిచేయునా?



పాలకాయతిప్ప ప్రాంతపు సభ్యులు ఈ నడుమ మమ్ము తరచుగా అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. ఒంటిపై దద్దురులు లేచి దురద పెట్టునపుడు సెలీనియపు బిళ్లలు మ్రింగిన నయమగునా యని. ఇది డబ్బునకును ఆరోగ్యమునకును సంబంధించిన విషయము గనుక ఈ పాఠమున విచారింతము.

సెలీనియము నేలయందుండి పైరుల ద్వారా మనకు చేరు మూలకము. 1817లో స్వీడను దేశీయుడగు బెర్జీలియసు దీనిని కనుగొనెను. చాలకాలము దీనిని విషముగనే యెంచిరి. 1957లో ష్వార్జు, ఫోల్ట్జు అనువారు ఎలుకలకు ఇది కొద్దిపాటి అవసరమని చూపిరి. 1973లో శరీరమందలి గ్లూటాథయోను పెరాక్సిడేజు అను ఎంజైమున ఇది భాగమని తేలెను. వాపు కలిగిన చోట పుట్టు హానికర పదార్థములను ఆ ఎంజైము అణచును. అందువలన చర్మపు వాపునకు సెలీనియము మందగునేమో యను ఆశ పుట్టెను. ఎలుకలపై జరిగిన కొన్ని ప్రయోగములలో వాపు కొంత తగ్గెను కూడ.

అయితే ఎలుకకు తగ్గినది మనిషికి తగ్గునని చెప్పరాదు. 1989లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో చిరకాలపు ఎగ్జిమా గల 60 మందిని జట్లుగా విభజించి, కొందరికి రోజుకు 600 మైక్రోగ్రాముల సెలీనియమును, కొందరికి దానితోడ విటమిను ఇ ని, కొందరికి మందులేని బిళ్లలను 12 వారములు ఇచ్చిరి. జట్లమధ్య చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. 2012లో కోక్రేను సమీక్ష ఇట్టి పరీక్షలను కూర్చి చూచి, ఆహారపు బిళ్లలు ఎగ్జిమాను తగ్గించునని నమ్మదగిన ఆధారము లేదని తేల్చెను.

ఇందు మా తప్పును దాచము. ఎలుకల వార్త చదివి, ఒక రైతుతో "వాడి చూడవచ్చును" అంటిమి. ఆయన రెండు నెలలు బిళ్లలు కొని మ్రింగెను. తిరిగి కలిసినపుడు మెడ, కనురెప్పలు, మోచేతి మడతలు ఎఱ్ఱబడి యుండెను. "మందు మ్రింగుచునే యున్నాను గదండీ, దురద యేల పోదు?" అని యడిగెను. అపుడుగాని మేము ఆయన చేయు పనిని విచారింపలేదు. రోజును గట్టుపై వయ్యారిభామను వట్టిచేతులతో పెరుకుచుండెను!

వయ్యారిభామ మన దేశమున 1955లో పూనాలో గుర్తింపబడెను. ఇందలి పార్థెనిను అను పదార్థము కొందరి ఒంటికి పడదు. ఆకు తగిలినను, ఎండిన మొక్క పొడి గాలిలో వచ్చి ముఖమునకు తగిలినను చర్మము వాచును. నిప్పు రగులుచుండగా పొగకు మందు వేసిన ఏమి ప్రయోజనము? ఆ రైతు మొక్కకు దూరముగనుండి, వైద్యుని చూపించుకొనిన పిమ్మట నెమ్మదించెను.

ఇక మోతాదు సంగతి. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు రోజుకు 40 మైక్రోగ్రాములు చాలునని నిర్ణయించెను. మైక్రోగ్రామనగా గ్రాములో పది లక్షల వంతు. హద్దు అమెరికావారు 400 గాను, ఐరోపావారు 2023లో 255 గాను పెట్టిరి. పై పరీక్షలో ఇచ్చిన 600 రెండు హద్దులను మించినదని గమనింపుడు, దానిని అనుకరింపరాదు. హద్దు మీరిన జుట్టు రాలును, గోళ్లు పెళుసై ఊడును, శ్వాస వెల్లుల్లి వాసన కొట్టును. పశువుల ఖనిజ లవణ మిశ్రమమును మనుష్యులు తినుట మిక్కిలి ప్రమాదము. సముద్రపు ఒడ్డున నున్న మనకు చేపలు, రొయ్యలు దొరకును. వానిలోను, గ్రుడ్లలోను సెలీనియము కలదు. పప్పులు, ధాన్యములలోను నేలనుబట్టి కొంత యుండును.

కావున చేయవలసినవి:

1. వయ్యారిభామను పూతకు ముందే, చేతొడుగులు, నిండుచేతుల చొక్కా ధరించి, ముఖమునకు గుడ్డ కట్టుకొని వేరుతో పెరుకవలెను. పూచిన యొక్క మొక్క వేలకొలది విత్తనములు రాల్చును. ఇదివరకే దురద గలవారు ఈ పనికి దిగరాదు.

2. పనియైన వెంటనే చేతులు, ముఖము సబ్బుతో కడిగి, బట్టలను వేరుగా ఉతుకవలెను.

3. దద్దురు మరల మరల వచ్చిన చర్మవైద్యుని చూడవలెను. ఏది పడదో పట్టీ పరీక్ష వలన తెలియును.

4. వైద్యుడు చెప్పనిదే సెలీనియపు బిళ్లలు కొనరాదు.

ఒక్కని గట్టు శుభ్రమైనను ప్రక్కవాని గట్టునుండి విత్తనము వచ్చును. కనుక తొలకరి వానలకు మొలక లేచినంతనే సంఘసభ్యులెల్లరు ఒక దినము నిర్ణయించుకొని ఊరి గట్టులను కలిసి బాగుచేయుడు. బిళ్లలకు పోవు డబ్బులో కొంత చేతొడుగులకు చాలును.