నిద్రలో ఊపిరిని లెక్కించే రాడార్

ఇంట్లో దాదీయో, నానాయో నిద్రపోతుంటే అర్ధరాత్రి లేచి వారి ఛాతీ కదులుతోందా అని చూసిన అనుభవం మనలో చాలామందికి ఉంది. ఒంటికి తీగలు తగిలిస్తే వారికి నిద్ర పట్టదు. కెమెరా పెడితే మరుగు పోతుంది. ఈ రెండూ లేకుండా రాడార్ ఆ పని చేస్తుంది.

ఎలాగో చూద్దాం. మంచం దగ్గర బిగించిన చిన్న పెట్టె నుంచి వెలువడే రేడియో తరంగాలు దుప్పటిని దాటి, ఛాతీకి తగిలి వెనక్కి వస్తాయి. ఊపిరికి ఛాతీ కొన్ని మిల్లీమీటర్లు కదులుతుంది. గుండె చప్పుడుకు మిల్లీమీటరులో కొంత భాగమే. 60 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 5 మిల్లీమీటర్లే కనుక అంత సన్నని కదలిక కూడా తిరిగివచ్చే తరంగంలో తేడాగా తెలుస్తుంది. విశ్రాంతిలో ఊపిరి నిమిషానికి సుమారు 12–20 సార్లు, గుండె 60–100 సార్లు. వేగాలు వేరు కాబట్టి రెండింటినీ విడదీయవచ్చు. మైక్రోవేవ్ తరంగాలతో శ్వాసను కొలిచే పద్ధతిని జేమ్స్ లిన్ 1975లోనే ప్రకటించారు.

పరిమితులూ ఉన్నాయి. మనిషి ఒత్తిగిలితే కాసేపు లెక్క తప్పుతుంది. మంచంపై ఇద్దరుంటే తికమకపడుతుంది. గుండె కదలిక ఊపిరి కదలికలో మునిగిపోతుంది కనుక శ్వాస లెక్కే ఎక్కువ నమ్మదగినది.

చివరగా ఒక మాట. పెట్టె హెచ్చరిస్తుంది, అంతే. లేచి వెళ్లవలసింది మనిషే. వృద్ధాశ్రమానికి పరికరం కొనిచ్చేటప్పుడు, ఆ గంట విని లేచే రాత్రి ఆయా జీతం కూడా మన లెక్కలో వేద్దాం. అంతకంటే ముందు ఆ పెద్దవారి అనుమతి అడుగుదాం.