మంచి పేరు ఎచ్చటనుండి వచ్చును?



ఈ దినములలో మన గ్రామముల బిడ్డలు అనేకులు పట్టణములకు వెళ్లి కంపెనీలకును, ఆసుపత్రులకును, కళాశాలలకును ప్రకటనలు వ్రాయుచు, వీడియోలు తీయుచు జీవనము చేయుచున్నారు. దీనిని పౌర సంబంధముల పని అందురు. కొందరు ఫోను ద్వారా తమ పేరునే నలుగురికి తెలియజేసికొనుచున్నారు. ఇది చెడ్డ పని కాదు. అయితే దీనిలో ఒక అపాయము కలదు. దానిని ఒక మనుష్యుని చరిత్రనుండి నేర్చుకొందము.

1. మంచి ఆరంభము

ఐవీ లీ అమెరికాలోని జార్జియా రాష్ట్రమున 1877లో ఒక మెథడిస్టు బోధకుని కుమారుడుగా పుట్టెను. మొదట పత్రికా విలేఖరిగా నుండి, పిమ్మట పెద్ద కంపెనీల తరఫున పత్రికలకు వార్తలందించు పని చేపట్టెను. 1906లో అతడు తన నియమములను ప్రకటించెను. మా పని దాపరికము లేక జరుగును, మేమిచ్చు వార్త సరియైనదై యుండును, ఎవరైనను విచారించి చూడవచ్చును అనునది వాటి సారాంశము. ఆ యేడు అక్టోబరులో అట్లాంటిక్ సిటీ యొద్ద రైలు వంతెనమీదనుండి నీటిలో పడి 50 మందికి పైగా చనిపోయిరి. రైలు కంపెనీ తరఫున లీ ఆ సంగతిని దాచక వ్రాసి పత్రికలకిచ్చెను. ఆ కాలమున ఇది క్రొత్త విషయము.

2. జారిపోయిన అడుగు

1914 ఏప్రిల్ 20న కొలరాడోలోని లడ్లో అను చోట, సమ్మెలోనున్న బొగ్గుగని కార్మికుల గుడారములమీద కాల్పులు జరిగెను; గుడారములు తగులబడెను. ఒక గుడారము క్రింది గోతిలో దాగిన 11 మంది పిల్లలును ఇద్దరు స్త్రీలును ఊపిరాడక చనిపోయిరి. ఆ గనుల కంపెనీలో పెద్ద వాటాదారులైన రాక్‌ఫెల్లర్లు లీని పిలిపించుకొనిరి. అతడు వరుసగా కరపత్రములు వేయించెను. కార్మిక నాయకుల జీతములను వాటిలో ఉన్నదానికంటె ఎంతో ఎక్కువగా చూపెను. 1915లో విచారణ సంఘము ప్రశ్నించగా, యజమానులిచ్చిన వివరములను తాను స్వయముగా పరిశీలింపలేదని ఒప్పుకొనెను. ఐవీ అనునది ఒక తీగ పేరు గనుక, అప్టన్ సింక్లేర్ అను గ్రంథకర్త అతనిని విషపు తీగ యని పిలిచెను. ఎందరికో పేరు తెచ్చిపెట్టిన వానికి ఈ పేరు మిగిలెను.

3. మనకు పాఠము

మన ఊరి బిడ్డ ఒకడు ఒక కళాశాలకు ప్రకటన వ్రాయుచున్నాడనుకొందము. "ఇచ్చట చదివిన వారందరికి ఉద్యోగములు వచ్చెను" అని యజమాని చెప్పగా అతడు వ్రాయును. ఆ మాట నమ్మి ఒక తండ్రి తనకున్న అరెకరము తాకట్టు పెట్టి ఫీజు కట్టును. ఉద్యోగము రానియెడల ఆ అప్పు ఎవరు తీర్చుదురు? "చెప్పినది యజమాని, నేను వ్రాసితిని అంతే" అనిన చాలునా? లీ చెప్పినదియు ఇదియే గదా.

సంఘ నివేదికలు వ్రాయు మేమును ఈ విషయములో నిర్దోషులము కాము. ఒకరు చెప్పిన సంఖ్యను లెక్కింపకయే వ్రాసిన దినములు మాకును కలవు. కావున వ్రాయుటకు ముందు వెళ్లి చూతము, అడిగి తెలిసికొందము. తప్పు వ్రాసినయెడల అదే పత్రికలో దిద్దుదము. మంచి పేరు ప్రకటనవలన రాదు. ప్రకటన వెనుకనున్న పనివలన వచ్చును.

ఆలోచించుడి

1. ఈ నెలలో మనము విచారింపక ఇతరులకు పంపిన మాట ఏది?
2. దానిని నమ్మి నష్టపోగల వారెవరు?