పాఠం 7: చేతితో గీసిన బొమ్మలా? రెండర్ చేసిన బొమ్మలా?

7.0 పరిచయం

గత పాఠంలో మీరు మీ కథను సన్నివేశాలుగా విడగొట్టారు. ఏ సన్నివేశంలో ఏ పాత్ర మాట్లాడుతుందో, పాఠకుడికి ఎక్కడ రెండు దారులు ఎదురవుతాయో పట్టిక వేసుకున్నారు. ఆ పట్టికను ముందు పెట్టుకుని ఈ పాఠం చదవండి. ఒక పెన్సిలు కూడా దగ్గర ఉంచుకోండి. ఈ పాఠంలో లెక్కలు ఉన్నాయి.

విజువల్ నావెల్‌లో తెర మీద ఏముంటుందో మీకు తెలుసు. వెనుక ఒక స్థలం, దాని ముందు పాత్ర బొమ్మ, అడుగున మాటల పెట్టె ఉంటాయి. కథలో ముఖ్యమైన ఘట్టం వచ్చినప్పుడు తెర నిండా ఒక ప్రత్యేక చిత్రం వస్తుంది. పెద్ద సంస్థల్లో వీటిని గీయడానికి వేర్వేరు మనుషులు ఉంటారు. మీరు ఒక్కరే. రాసేది మీరే, గీసేదీ మీరే. ఉద్యోగమో చదువో చూసుకుని, మిగిలిన సాయంత్రాల్లో చేసేదీ మీరే. నేను చూసినంతలో, ఒంటరిగా మొదలుపెట్టిన పని ఆగిపోయేది కథ కుదరక కాదు, బొమ్మలు పూర్తికాక. సగం పాత్రలు గీశాక పద్ధతి మార్చుకుంటే మొదటి సగం వృథా అవుతుంది. అందుకే ఈ నిర్ణయం ముందే చేయాలి.

ఈ పాఠం చదివిన తరువాత మీరు రెండు పద్ధతుల్లో పని ఎక్కడ పడుతుందో వివరించగలుగుతారు. మీ కథకు ఎన్ని బొమ్మలు, ఎన్ని గంటలు కావాలో లెక్క కట్టగలుగుతారు. మీకు తగిన పద్ధతిని కారణాలతో ఎంచుకోగలుగుతారు.

7.1 రెండు పద్ధతులు

చేతితో గీయడం అంటే కాగితం మీద గీసి స్కాన్ చేయడం కావచ్చు, పెన్ టాబ్లెట్ మీద నేరుగా గీయడం కావచ్చు. క్రిటా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ దీనికి సరిపోతుంది. ఏ బొమ్మకు ఆ బొమ్మ కొత్తగా గీయాలి. పాత్రను పదిసార్లు గీస్తే పదిసార్లూ అదే ముక్కు, అదే గడ్డం రావాలి. అది చేతికి అలవాటు కావాలి.

రెండర్ చేయడం వేరు. ముందు కంప్యూటర్‌లో పాత్రకు మూడు కొలతలు ఉన్న మోడల్ తయారు చేస్తారు. దాని లోపల ఎముకల చట్రం అమర్చుతారు. చేయి ఎత్తించి, తల తిప్పించి, దీపాలు పెట్టి, కెమెరా పెట్టి, ‘ఇప్పుడు బొమ్మ తియ్యి’ అని యంత్రానికి చెబుతారు. వెలుతురు ఎక్కడ పడుతుందో, నీడ ఎక్కడ పడుతుందో అది లెక్క వేసి చిత్రం ఇస్తుంది. దీనికి ఎక్కువమంది వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ బ్లెండర్. 2002లో దాని సోర్స్ కోడ్‌ను అందరికీ తెరిచారు. అప్పటినుంచి అది ఉచితంగానే దొరుకుతోంది.

ఒక పోలిక చెబుతాను. చేతిగీత పద్ధతి ముగ్గు వంటిది, రోజూ కొత్తగా వేయాలి. రెండర్ పద్ధతి బొమ్మల కొలువు వంటిది. బొమ్మలు చేయించుకోవడానికి శ్రమ పడాలి, ఆ తరువాత మెట్ల మీద ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు. ఈ పోలిక పూర్తిగా సరికాదు, కానీ పని ఎక్కడ పడుతుందో గుర్తుంచుకోవడానికి పనికివస్తుంది.

7.2 లెక్క వేద్దాం

ఒక మధ్యరకం కథను తీసుకుందాం. నాలుగు పాత్రలు. ఒక్కొక్కరికి నిలబడే భంగిమలు రెండు, ముఖభావాలు ఆరు. స్థలాలు పది, ఒక్కొక్కటి పగలూ రాత్రీ కావాలి. ప్రత్యేక చిత్రాలు ఎనిమిది.

పాత్ర బొమ్మలన్నీ విడివిడిగా గీస్తే 4 × 2 × 6, అంటే 48 అవుతాయి. అలా గీయనక్కరలేదు. తోలుబొమ్మకు అవయవాలు విడిగా చేసి కీళ్ల దగ్గర కట్టినట్లే, ఒళ్లు విడిగా, ముఖం విడిగా గీసి తెర మీద ఒకదానిపై ఒకటి పెట్టవచ్చు. అప్పుడు ఒళ్లు 8, ముఖాలు 24, మొత్తం 32 ముక్కలు. వాటితోనే 48 కలయికలూ వస్తాయి. రెండు భంగిమల్లోనూ తల ఒకే కోణంలో ఉంటేనే ఇది కుదురుతుందని మరచిపోకండి. 2004లో వెలువడిన రెన్‌పై అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇలా పొరలుగా పేర్చే ఏర్పాటు ఉంది.

ఇప్పుడు గంటలు. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు. గీయడం వచ్చినవారికి ఒక ఒళ్లుకు 10 గంటలు, ఒక ముఖానికి 1 గంట, ఒక స్థలానికి 8 గంటలు, దాని రాత్రి రూపానికి 2 గంటలు, ఒక ప్రత్యేక చిత్రానికి 12 గంటలు అనుకుందాం. అప్పుడు 80 + 24 + 80 + 20 + 96, మొత్తం 300 గంటలు.

రెండర్ పద్ధతిలో ఒక పాత్ర మోడల్‌కు 40 గంటలు, ఒక స్థలానికి 10 గంటలు అనుకుందాం. రాత్రి రూపానికి దీపాలు మార్చితే చాలు, అరగంట. ప్రత్యేక చిత్రానికి 3 గంటలు. ఒళ్లు నిలబెట్టడానికి గంట చొప్పున 8, ముఖాలకు పావుగంట చొప్పున 6. మొత్తం 160 + 100 + 5 + 24 + 14, అంటే 303 గంటలు.

చూశారా? దాదాపు సమానం. ‘రెండర్ అయితే త్వరగా అయిపోతుంది’ అని చాలామంది అంటారు. ఆ మాట ఈ లెక్కలో నిలవదు. వారానికి 10 గంటలు కేటాయించగలవారికి రెండు విధాలా 30 వారాల పని.

తేడా వచ్చేది కథ పెరిగినప్పుడు. రాస్తూ ఉండగా ప్రత్యేక చిత్రాలు 8 నుంచి 24కు పెరిగాయనుకోండి (పెరుగుతాయి, నమ్మండి). చేతిగీతకు 16 × 12, అంటే 192 గంటలు కలుస్తాయి. మొత్తం 492. రెండర్‌కు 16 × 3, అంటే 48 కలిసి 351. ఇప్పుడు ఒకటి 49 వారాల పని, రెండవది 35 వారాల పని. అయితే మీ కథలో ప్రతి సన్నివేశానికీ కొత్త పాత్ర వచ్చిపోతూ ఉంటే సంగతి తారుమారవుతుంది. కనిపించి వెళ్లిపోయే పాల మనిషికి 40 గంటల మోడల్ తయారు చేయడం దండగ. చేతితో అయితే ఒక ఒళ్లు, ఒక ముఖం చాలు, 11 గంటలు.

ఈ లెక్కలో నేను రెండు ఖర్చులు చేర్చలేదు. మొదటిది నేర్చుకునే కాలం. బొమ్మ గీయడం చిన్నప్పటినుంచి అలవాటున్నవారు బ్లెండర్ మొదటినుంచి నేర్చుకోవాలంటే కొన్ని నెలలు పడుతుంది. ఎముకలు అమర్చాక భుజం మడతపడిన చోట చర్మం నలిగిపోయినట్లు కనిపించడం, దాన్ని సరిచేయడం ఒక్కటే కొత్తవారికి వారం తినేస్తుంది. రెండవది యంత్రం తీసుకునే కాలం. 60 బొమ్మలు, ఒక్కొక్కటి 10 నిమిషాలు అయితే 10 గంటలు. ప్రతి బొమ్మా మూడుసార్లు తీయవలసి వస్తే 30 గంటలు. రాత్రి యంత్రాన్ని పనికి పెట్టి నిద్రపోవచ్చు నిజమే, కానీ వేసవిలో పాత ల్యాప్‌టాప్ ఆ వేడికి ఆగిపోతుంది, కరెంటు పోయినా పని ఆగుతుంది. ఒక్కొక్క చిత్రాన్నీ విడిగా భద్రపరిచేలా అమర్చుకోండి.

7.3 ముఖం దగ్గర వచ్చే చిక్కు

విజువల్ నావెల్‌లో పాఠకుడు గంటల తరబడి చూసేది ముఖాన్నే. అందుచేత ఎంపికలో నేను అన్నిటికన్నా ఎక్కువ బరువు ఇచ్చేది ముఖానికే.

చేతిగీతలో కనుబొమ్మ గీత కొంచెం వంచితే కోపం, కొంచెం ఎత్తితే ఆశ్చర్యం. బాపు గీతలు చూసి పెరిగిన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు. ఎంత తక్కువ గీస్తే అంత ఎక్కువ చెప్పవచ్చు. రెండర్ ముఖంలో ఆ స్వేచ్ఛ తక్కువ. చర్మం, జుట్టు, కంటి తడి అన్నీ నిజంలా ఉన్నప్పుడు నవ్వు మాత్రం బిగుసుకుపోతే, చూసేవారికి అదోలా ఉంటుంది. మనిషిని పోలినది చాలావరకు పోలి, పూర్తిగా పోలకపోతే ఇష్టం తగ్గి వెగటు కలుగుతుందని జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లో ఒక వ్యాసంలో రాశారు. రెండర్ చేసేవారు నిజానికి దగ్గరగా వెళ్లాలని తాపత్రయపడకుండా, మోడల్‌ను బొమ్మలాగే ఉంచితే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది.

మోడల్ తయారు చేయకుండా కొనుక్కునే వీలు కూడా ఉంది. డాజ్ స్టూడియో వంటి చోట్ల తయారైన మనుషుల మోడళ్లు దొరుకుతాయి. 160 గంటలు మిగులుతాయి. కానీ అదే ముఖం ఇంకొకరి కథలోనూ కనిపిస్తుంది, పాఠకులు గుర్తుపడతారు. కొనేముందు లైసెన్సు షరతులు చదవండి. మోడల్ నుంచి తీసిన చిత్రాన్ని వాడుకోవడం ఒకటి, మోడల్‌నే ఆటలో పెట్టి ఇవ్వడం వేరొకటి.

పాఠగత ప్రశ్నలు 7.1
1. మూడు పాత్రలు, రెండేసి భంగిమలు, ఐదేసి ముఖాలు. ఒళ్లు, ముఖం విడదీసి గీస్తే ఎన్ని ముక్కలు?
2. రాత్రి రూపం రెండర్ పద్ధతిలో ఎందుకు తేలిక?

7.4 కొందరు చేసిన ఎంపికలు

2002 ఆగస్టులో జపాన్‌లో ‘హిగురాషి నో నాకు కోరో ని’ మొదటి భాగం వెలువడింది. ర్యూకిషి07 అనే కలంపేరుతో కథ రాసిన ఆయనే పాత్రలను కూడా గీశారు. ఆయన గీతలో నైపుణ్యం లేదు. చేతివేళ్లు కుదరలేదు, చేతులు మూటల్లా ఉంటాయి. స్థలాలకు ఆయన గీయనే లేదు, ఫొటోలు తీసి కంప్యూటర్‌లో మార్పులు చేసి వాడారు. కథలోని పల్లెకు షిరకావా-గో అనే నిజమైన ఊరి ఫొటోలు ఆధారం. ఇన్ని లోపాలున్నా ఆ కథకు పాఠకులు విపరీతంగా పెరిగారు. ముఖాలలో భావం తప్పులేకుండా పలికింది. నవ్వుతున్న పిల్ల కళ్లు ఒక్కసారిగా మారిపోయే చోట ఆ మొరటు గీతే భయపెడుతుంది. తరువాత వేరే చిత్రకారులు గీసిన బొమ్మలతో రూపాలు వచ్చాయి. 2015లో ఇంగ్లీషులో వెలువడిన రూపంలో కొత్త బొమ్మలతో పాటు పాత బొమ్మలు కూడా ఎంచుకునే వీలు ఉంచారు.

ఇంకా ముందు, 1994లో చున్‌సాఫ్ట్ సంస్థ తెచ్చిన ‘కామాయితాచి నో యోరు’ ఇంకొక దారి చూపింది. ఫొటోల వంటి స్థలాల ముందు పాత్రలన్నీ నీలి నీడలుగా మాత్రమే ఉంటాయి. ముఖమే లేదు కాబట్టి ముఖభావాల లెక్కే లేదు. మంచులో చిక్కుకున్న వారిలో హంతకుడు ఎవరన్నది ఆ కథ. ముఖాలు దాచడం దానికి అతికినట్లు సరిపోయింది.

‘ఏస్ అటార్నీ’ వరుసలో 2001 నాటి మొదటి ఆటలో పాత్రలు చిన్న తెరకు తగిన గీసిన బొమ్మలు. 2013లో ఐదవ ఆటకు వచ్చేసరికి మూడు కొలతల మోడళ్లు వాడారు. కానీ ఆ మోడళ్లు పాత బొమ్మల భంగిమలనే, ఆ హఠాత్తు కదలికలనే అనుకరిస్తాయి. మోడల్‌కు మారినా వారు గీత అలవాటును వదులుకోలేదు.

7.5 రెండూ కలిపి

స్థలాలను బ్లెండర్‌లో పెట్టెలు పేర్చినట్లు మోటుగా కట్టి, కావలసిన కోణం నుంచి చిత్రం తీసి, దాని మీద చేతితో గీసుకోవచ్చు. గది గోడలు, బల్లలు, మెట్లు సరైన దూరంలో కనిపిస్తాయి. పాత్రలు మాత్రం పూర్తిగా చేతిగీత. ఒంటరిగా చేసేవారికి ఈ మార్గమే నాకు ఎక్కువ నచ్చుతుంది. జాగ్రత్త ఒకటి ఉంది. వెనుక గదిలో వెలుతురు ఎడమ కిటికీ నుంచి వస్తూ, ముందున్న మనిషి మీద కుడివైపు నుంచి పడితే, బొమ్మ కత్తిరించి అంటించినట్లు ఉంటుంది.

మాటలతో చిత్రం వేసిపెట్టే కృత్రిమ మేధ సాధనాల గురించి మీరు అడుగుతారు. పాత్ర ముఖం 24 సార్లూ ఒకేలా రావడం అక్కడా కష్టమే. స్టీమ్‌లో అమ్మదలిస్తే, వాటిని వాడినట్లు వెల్లడించాలన్న నియమం 2024లో వచ్చింది. ఇక్కడికి ఆపుతాను.

తెలుగులో రాసేవారికి ఒక మాట. మన లిపిలో ఒత్తులు కిందికి, గుడులు పైకి వెళతాయి. వరుసల మధ్య ఖాళీ ఎక్కువ కావాలి, కాబట్టి మాటల పెట్టె ఎత్తు పెరుగుతుంది. తెరలో అడుగు నాలుగోవంతు దాని కిందికి పోతుందని ముందే అనుకుని, చేతిలోని ఉత్తరమో తాళంచెవో అంతకు పైన ఉండేలా గీయండి. ఎంచుకున్న సాఫ్ట్‌వేర్‌లో ‘స్త్రీ’, ‘క్ష్మ’ విడిపోకుండా వస్తున్నాయో లేదో బొమ్మలు మొదలుపెట్టకముందే చూసుకోండి.

కృత్యం

మీ పట్టికలోంచి అన్నిటికన్నా కష్టమైన సన్నివేశాన్ని తీసుకోండి, తేలికైనది వద్దు. అందులో ఒక పాత్ర ఒళ్లు, మూడు ముఖాలు, ఒక స్థలం చేతితో గీయండి. అవే రెండర్ పద్ధతిలో చేయండి. మోడల్ చేయడం రాకపోతే ఉచితంగా దొరికేది తెచ్చుకోండి. ప్రతి ముక్కకూ గడియారం చూసి గంటలు రాయండి. పూర్తయ్యాక రెండింటినీ తెర మీద పెట్టి, కథ తెలియని ఒకరికి చూపి, పాత్ర ఏ భావంలో ఉందో అడగండి. మీ గంటలతో 7.2లోని లెక్కను తిరిగి వేయండి.

పాఠాంత ప్రశ్నలు
1. మీ కథలో ప్రత్యేక చిత్రాలు రెట్టింపైతే రెండు పద్ధతుల్లో ఎన్ని వారాలు పెరుగుతాయి? లెక్క చూపండి.
2. పాత్రల ముఖాలు చూపకుండా మీ కథ చెప్పగలరా? ఏ సన్నివేశాల్లో సాధ్యం, ఏవి కావు?
3. మీరు ఎంచుకున్న పద్ధతి వల్ల కోల్పోయేదేమిటో పది వాక్యాల్లో రాయండి.

పాఠగత ప్రశ్నల జవాబులు 7.1
1. ఒళ్లు 6, ముఖాలు 15, మొత్తం 21.
2. స్థలం అప్పటికే కట్టి ఉంటుంది కాబట్టి దీపాలు మార్చి మళ్లీ చిత్రం తీస్తే చాలు.